పాఠకుని కాలము



ఈ గదిలో ఎర్రదీపము వెలిగిన పిమ్మట నేను పది సెకండ్లపాటు పెదవి విప్పక కూర్చుంటినేని, మీలో ఓపిక గలవారు రేడియో చెడినదేమోయని దానిని ఒకమారు తట్టిచూతురు; ఓపిక లేనివారు వేరొక స్టేషనునకు తరలిపోవుదురు. ప్రసారశాలలో పనిచేయువారికి అట్టి మౌనము క్షమింపరాని దోషము; గడియారపు ముల్లును చూచుకొనుచు, అది ఎక్కడ చొరబడునో యని వారు నిరంతరము కాచుకొని యుందురు. మావలె వెబ్‌సైట్లు నడుపువారము మాత్రము, అంతకు రెండింతలు మూడింతలైన మౌనమును దినదినము పాఠకుని యెదుట నిలిపి, అది దోషమని యైనను ఎరుగక, పైపెచ్చు మా పుట ఎంత శోభాయమానముగా నున్నదని మురిసిపోవుచుందుము. ఆ మౌనమును కొలిచి చూపునట్టి సాధనములు కొన్ని ఇంటర్నెట్టులో కానియైనను పుచ్చుకొనక లభించుచున్నవి. వాని ప్రశంసకు ముందు, అవి నాకు అవసరపడిన సందర్భము చెప్పవలసియున్నది.

కోనసీమలో మా ఊరి గ్రంథాలయము చిన్నది. రమారమి నాలుగువేల పుస్తకములు, రెండు బీరువాల నిండ పాత పత్రికలు, ఒక పొడవాటి బల్ల, నాలుగు బెంచీలు, వానవచ్చినచో కురియునట్టి వసారా: ఇదియే దాని సమస్త వైభవము. తెలుగు మాస్టరుగా ఉద్యోగము విరమించి, తోచుబాటు లేక తిరుగుచున్న నేను, పట్టణములో కంప్యూటరు పనిచేయు మా మేనల్లుని సాయముతో దానికొక వెబ్‌సైటు కట్టితిని. మొదటి పుటలో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో నెలకొల్పిన భారతి మాసపత్రిక సంచికల ముఖచిత్రములు పదునెనిమిదింటిని వరుసగా తీర్చితిమి. వాని క్రింద పుస్తకముల పట్టిక, ఆ క్రింద దాతల నామావళి. నా ఇంటి కంప్యూటరులో అది తెరచుకొనునపుడు, దేవళపు తలుపులు తీసినట్లు కన్నులపండువుగా నుండెడిది.

ఒకనాటి సాయంకాలము మా కార్యదర్శిగారు పొలముగట్టునుండి ఫోను చేసిరి. "మాస్టారూ, ఇందాక ఇంట్లో మన పేజీ నొక్కి, లోపలికెళ్లి కాఫీ కలుపుకుని వచ్చానండి. ఇంకా తెల్లగానే ఉంది. గట్టుమీద కొచ్చి మళ్లీ నొక్కితే ఇక్కడా అంతే" అనిరి. నేను వెంటనే నా కంప్యూటరులో చూచితిని, రెప్పపాటులో తెరచుకొన్నది. "మీ ఫోనులోనే ఏదో ఉందండీ" అని ఆయనతో చెప్పి, తృప్తిగా భోజనమునకు లేచితిని. ఆ మాట తలచుకొన్నపుడు ఇప్పటికిని నాకు సిగ్గగుచుండును. ఏలయన, బ్రౌజరను ప్రోగ్రాము ఒకమారు తెచ్చిన బొమ్మలను తన దగ్గరనే దాచుకొని, మరల అడిగినపుడు ఆ దాపుడునుండియే తీసి చూపును. నేను వందసార్లు చూచిన పుట నా పెరటికుండలోని నీరు. కార్యదర్శిగారు ఏటికి పోయి తెచ్చుకొనవలసిన నీరు. కుండలో ముంచుకొన్నవాడు ఏటిదూరమును గూర్చి తీర్పు చెప్పినట్లు నేను ఆ రాత్రి తీర్పు చెప్పితిని.

గ్రంథాలయము పేరెత్తితిని కనుక రంగనాథన్ గారిని స్మరింపక ముందునకు పోజాలను. ఆయన 1931లో ప్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును మిగుల్చుటను గూర్చినది. వెనుకటి గ్రంథాలయములలో పుస్తకములను తాళములు వేసిన బీరువాలలో నుంచి, పాఠకుడు చీటి వ్రాసి యిచ్చినచో సేవకుడు లోనికి పోయి వెదకి తెచ్చు పద్ధతి యుండెడిది. పాఠకుడు బల్లకడ నిలిచి నిరీక్షించిన ఆ కాలము ఎవరి లెక్కలోను చేరెడిది కాదు. వెబ్‌పుట నేటికిని ఆ చీటిపద్ధతి మీదనే నడచుచున్నది. మీరు పుట పేరు నొక్కగనే మొదట వచ్చునది పుట సమస్తము కాదు, దాని వ్రాతయు ఒక జాబితాయు మాత్రమే. అందు పేర్కొన్న ప్రతి బొమ్మకు, ప్రతి అక్షరరూపమునకు, పుటను పనిచేయించు ప్రతి స్క్రిప్టునకు బ్రౌజరు వేరువేరుగ చీటి వ్రాసి, పుటను నిలువయుంచిన సర్వరు అను కంప్యూటరునకు పంపవలెను. పాత మర్యాదలో ఒక్కొక్క సర్వరునకు ఒకేసారి ఆరుగురు సేవకులకు మించి పంపబడెడివారు కారు. 2015లో ప్రమాణమైన హెచ్‌టీటీపీ 2 అను కొత్త మర్యాదలో ఒకే సేవకుడు పెక్కు చీటీలను గంపలో వేసికొని పోవును. అయినను మోసుకొని రావలసిన బరువు బరువే, దారి సన్నదనము సన్నదనమే.

మరునాడు మా మేనల్లుడు ఫోనులో నా ఫిర్యాదు విని నవ్వి, "మావయ్యా, కీబోర్డు పైవరసలో ఎఫ్ 12 అని ఒక మీట ఉంటుంది, నొక్కి చూడు" అనెను. నేను అప్పటికి ఏడెనిమిదేండ్లుగా ఆ కంప్యూటరు ముందు కూర్చుండుచున్నాను. ఆ మీటను తుడిచితినే కాని నొక్కి యెరుగను. నొక్కగనే పుట ప్రక్కన మరియొక గది తెరచుకొన్నది. అందు నెట్‌వర్క్ అను అర కలదు. అచ్చట దాపుడును వాడవద్దని ఒక గడిలో టిక్కు పెట్టవచ్చును, నెమ్మదైన ఫోను కనెక్షనును నటింపుమని బ్రౌజరును ఆజ్ఞాపింపవచ్చును. రెంటిని చేసి, పుటను మరల తెరచితిని. ఒక్కొక్క చీటికి ఒక్కొక్క గీత చొప్పున, ఎడమనుండి కుడికి కాలము సాగుచు, పైనుండి క్రిందికి మెట్లుమెట్లుగా గీతలు దిగిపోవుచుండగా, ఈ వృత్తిలోనివారు దీనిని వాటర్‌ఫాల్ అని యేల పిలుతురో బోధపడినది. మొత్తము 61 చీటీలు, 9.4 మెగాబైట్లు. వానిలో ఒక గీత మాత్రము తక్కిన వానినన్నిటిని దాటి, తెర కుడి అంచును మించి పోవుచుండెను. అది మొదటి ముఖచిత్రము. మేనల్లుని స్నేహితుడు మంచి కెమెరాతో తీసిన ఆ ఛాయాచిత్రము 4,000 చుక్కల వెడల్పు, 4.2 మెగాబైట్ల బరువు కలది. ఫోను తెరపై దానికి మేమిచ్చిన చోటు వెడల్పు 360 చుక్కలు. ఏనుగును తెచ్చి పిల్లిగూటిలో కట్టుచుంటిమన్నమాట.

ఇచ్చట చిన్న లెక్క చెప్పుదును. ఇంటర్నెట్టు వేగమును బిట్లలో చెప్పుదురు, ఫైళ్ల బరువును బైట్లలో చెప్పుదురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఈ పరీక్షాసాధనములు నెమ్మదియైన 4జి కింద సాధారణముగా గ్రహించు వేగము సెకండునకు 1.6 మెగాబిట్లు, అనగా ఒక మెగాబైటులో అయిదవ వంతు. ఆ దారిన మా ముఖచిత్రమొక్కటియే రావలెనన్న 21 సెకండ్లు పట్టును, పుట సమస్తము రావలెనన్న 47 సెకండ్లు. కార్యదర్శిగారి కాఫీ వృత్తాంతము అతిశయోక్తి కాదని అప్పుడు తేలినది. ఆయన ఫోనులో లోపము లేదు. అంతేకాదు, పుట తెరచిన ప్రతి కొత్తవాని రీచార్జినుండి తొమ్మిదిన్నర మెగాబైట్లు అతనితో చెప్పకుండగనే మేము తీసికొనుచుంటిమి.

బరువు సంగతి ఇది. దూరము సంగతి వేరు. చవకగా వచ్చినదని మేము అద్దెకు తీసికొన్న సర్వరు అమెరికాలోని వర్జీనియాలో నున్నది. గాజుతీగలలో కాంతి సెకండునకు ఇంచుమించు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణము చేయును. వర్జీనియా మనకు సుమారు 13,000 కిలోమీటర్లు. కావున ఒక మాట పోయి బదులు వచ్చుటకు, తీగ సూటిగా నున్నదనుకొన్నను, 0.13 సెకండ్లు పట్టును. తీగ సూటిగా నుండదు. సముద్రముల అడుగున చుట్టుతిరిగి పోవును. మొదట పలుకరింపునకు ఒక రాకపోక, పిమ్మట రహస్యభాష కుదుర్చుకొనుటకు ఒకటి, ఆ తరువాత అసలు అడుగుటకు ఒకటి: మూడు రాకపోకలు జరిగినగాని మొదటి అక్షరము మనకు చేరదు. న్యూజెర్సీలోనున్న మా ఊరి అల్లుడొకాయన మా వెబ్‌సైటు వేగమును మెచ్చుకొనుచు ఉత్తరము వ్రాసియుండెను. గ్రంథాలయమునకు కూతవేటు దూరములోనున్న కార్యదర్శిగారు కాఫీ కలుపుకొనుచుండిరి.

ఈ తారతమ్యమును కన్నులకు కట్టినట్లు చూపు సాధనము వెబ్‌పేజ్‌టెస్ట్ అనునది. పాట్రిక్ మీనన్ అను ఇంజనీరు ఏఓఎల్ సంస్థలో తమ పనికై నిర్మించుకొన్నదానిని 2008లో లోకమునకు విడిచిపెట్టిరి. పుట చిరునామా యిచ్చి, ఏ నగరమునుండి తెరచి చూడవలెనో యెంచుకొన్నచో, ఆ నగరములోని యంత్రము నిజముగా తెరచి, క్షణక్షణమునకు తెర యెట్లున్నదో ఫిల్ము ముక్కలవలె వరుసగా పేర్చి చూపును. ఉచితముగా చేయదగిన పరీక్షలకు పరిమితి కలదు, మావంటివారికి అది చాలును. నేను వర్జీనియానుండి ఒకటి, ముంబయినుండి ఒకటి నడిపి, రెండు ఫిల్ములను ఒకదాని క్రింద ఒకటి పెట్టుకొని చూచితిని. పై వరుసలో ముఖచిత్రములు విచ్చుకొనుచుండగా క్రింది వరుసలో తెల్లచదరములు, తెల్లచదరములు, మరల తెల్లచదరములు. వెబ్‌సైటు కట్టిన ఈ మూడేండ్లలో నేను దేనికిని ఇంతగా చిన్నపోలేదు.

మనుష్యుడు ఎంతసేపు ఓర్చుకొనునను విచారము కొత్తది కాదు. 1993లో జేకబ్ నీల్సన్ గారు వ్రాసిన గ్రంథములో మూడు హద్దులు చెప్పబడినవి: సెకండులో పదవవంతు లోపల బదులు వచ్చినచో ఆలస్యమే తోపదు, ఒక సెకండు వరకు ఆలోచనాధార తెగదు, పది సెకండ్లు దాటినచో మనసు వేరొక పనిమీదికి పోవును. పిదప 2007లో, యాహూలో నుండిన స్టీవ్ సౌడర్స్ గారు, పాఠకుడు నిరీక్షించు కాలములో నూటికి ఎనుబది తొంబది పాళ్లు సర్వరు పుటను సిద్ధపరచుటలో గాక, అది వచ్చిన తరువాత ముక్కలన్నింటిని తెచ్చి కూర్చుటలోనే పోవుచున్నదని చూపి, వైస్లో అను ఉచితసాధనమును కూడ వెలువరించిరి. ఆ సాధనము నేడు వాడుకలో లేదు. అది నేర్పిన చూపు మాత్రము నిలిచినది: పాఠకుడు వేచియున్నపుడు సర్వరును నిందింపక ముందు పుటను వ్రాసినవాడు తన వ్రాతను చూచుకొనవలెను.

నేడు మిక్కిలి ప్రచారములోనున్నది గూగులు వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్. చిరునామా వ్రాసి మీట నొక్కినచో, అది రెండు విధములైన సాక్ష్యము నిచ్చును. ఒకటి క్షేత్రసాక్ష్యము: గడచిన 28 దినములలో క్రోము బ్రౌజరుతో ఆ పుటను నిజముగా తెరచినవారి అనుభవము, అందు నూటికి డెబ్బదియైదుగురి విషయములో ఏ హద్దు దాటలేదో ఆ అంకెను చూపును. రెండవది ప్రయోగశాలలోని సాక్ష్యము: లైట్‌హౌస్ అను పరీక్షకుడు ఒక మోస్తరు ఫోనును నటించి తెరచి చూచినది. మా పుట విషయములో క్షేత్రసాక్ష్యమున్న చోట, తగినంత సమాచారము లేదని వ్రాసియుండెను. మీ గ్రంథాలయమునకు వచ్చువారు లెక్కింపదగినంత మంది లేరని ఇంతకంటె మర్యాదగా నెవరును చెప్పజాలరు. రెండవ సాక్ష్యములో నూటికి 31 మార్కులు వచ్చినవి. 90 గాని అంతకు పైబడి గాని వచ్చినచో ఆకుపచ్చ, 50 మొదలు 89 వరకు నారింజ, అంతకు దిగువ ఎరుపు. ముప్పదియైదేండ్లు పిల్లల కాగితములపై ఎర్రసిరా గీసిన నాకు ఆ ఎరుపు ఎట్లుండునో ఆనాడు తెలిసినది. అయిదునిమిషములు తాళి మరల పరీక్షింపగా 36 వచ్చినది, మూడవమారు 29. ఈ మార్కులు స్థిరములు కావు. మూడు నాలుగుమారులు నడిపి నడిమిదానిని గ్రహించుట పద్ధతి.

ఈ సాధనపు క్షేత్రసాక్ష్యములో మూడు కొలతలు ముఖ్యములు. వీనిని 2020లో గూగులువారు కోర్ వెబ్ వైటల్స్ అను పేరుతో ప్రకటించిరి. మొదటిది ఎల్‌సీపీ, అనగా తెరపై కనబడు మిక్కిలి పెద్ద బొమ్మయో వాక్యసముదాయమో ప్రత్యక్షమగుటకు పట్టు కాలము. ఇది రెండున్నర సెకండ్లు దాటరాదు. రెండవది ఐఎన్‌పీ, అనగా పాఠకుడు తాకినపుడు పుట పలుకుటకు పట్టు కాలము. 2024 మార్చిలో మరియొక పాతకొలత స్థానమున దీనిని నిలిపిరి. సెకండులో అయిదవవంతు లోపల నుండవలెను. మూడవది సీఎల్ఎస్. ఇది కాలము కాదు, కదలిక. దీనిని అనుభవింపనివారుండరు. మా పుటలో మీరు శతకములను మాటమీద వ్రేలు ఆనించబోవుచుందురు. సరిగా ఆ క్షణమున పైన ఆలస్యముగా వచ్చిన ముఖచిత్రము తన చోటును తాను కల్పించుకొని, క్రిందనున్నదంతయు మరింత క్రిందికి నెట్టివేయును. మీ వ్రేలు విరాళములను మాటమీద పడును. ఇట్లు మా గ్రంథాలయమునకు విరాళమిచ్చినవారెవరును లేరు కాని, విసుగుకొనినవారు ఉండియుందురు. కదలికవలన చెదరిన భాగము తెరలో ఎన్నవ వంతో, అది తెరలో ఎన్నవ వంతు దూరము జరిగినదో, ఆ రెంటిని హెచ్చవేయగా వచ్చునది దీని కొలత. సగము తెర చెదరి, నాలుగవవంతు దూరము జరిగినచో 0.125, హద్దు 0.1. దీనికి మందు విచిత్రముగా సులభమైనది. ప్రతి బొమ్మ ప్రక్కన దాని వెడల్పును ఎత్తును ముందుగ వ్రాసిపెట్టినచో, బ్రౌజరు విస్తరి వేసినట్లు ఆ చోటు విడిచి తక్కినది పరచును. అతిథి ఆలస్యముగా వచ్చినను పంక్తి కదలదు.

మార్కులను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. నా 31ని విని మా మేనల్లునికి రోషము వచ్చి, ఒక ఆదివారము కూర్చుండి, స్క్రిప్టులన్నియు పాఠకుడు తెరను మొదటిసారి తాకువరకు రాకుండ నిలిపివేసెను. ఆ రాత్రి మార్కులు 98. "చూశావా మావయ్యా!" అని ఆకుపచ్చని వలయమును ఫోటో తీసి పంపెను. మరునాడు కార్యదర్శిగారు పుస్తకముల వెదకులాటగడిని తాకిరి. అది కదలలేదు, ఆ తాకిడితో అప్పుడు మాత్రమే స్క్రిప్టులు మేల్కొని బయలుదేరినవి. రెండవమారు, మూడవమారు తాకినగాని గడి తెరచుకొనలేదు. పరీక్షకుడు పుటను చూచునే గాని తాకడు. ఆ సంగతి తెలిసి వ్రాసిన జవాబుపత్రమది. ర్యాంకుల కొరకై పాఠమును విడిచి ప్రశ్నలను మాత్రమే వల్లెవేయించు కళాశాలలున్న దేశములో ఈ విద్య పిల్లవానికి అబ్బుటలో వింత లేదు. ఆ మార్పును తీసివేయించితిని. మార్కులు తగ్గినవి, గడి పలికినది.

ఇక బొమ్మల చికిత్స. స్క్వూష్ అను సాధనమును క్రోము బృందమువారు 2018లో వెలువరించిరి. బొమ్మను పుటమీదికి లాగి విడిచినచో చాలును. అది మన బ్రౌజరులోనే పని జరుపును, బొమ్మ ఊరు దాటిపోదు. తెర నడుమ నిలువుగీత యొకటి యుండును; దానికి ఎడమప్రక్క అసలు బొమ్మ, కుడిప్రక్క తగ్గించిన బొమ్మ. ముఖచిత్రమును 800 చుక్కల వెడల్పునకు దించి, గూగులువారు 2010లో ప్రవేశపెట్టిన వెబ్‌పీ రూపమును ఎన్నుకొని, నాణ్యత అంకెను మెల్లగా తగ్గించుచు వచ్చితిని. భారతి అను అక్షరములపై గీతను ముందునకు వెనుకకు జరుపుచు చూడగా, 75 కడ రెండువైపుల సిరా ఒక్కటే తీరుగనుండెను. 50 కడ తలకట్టు అంచు కొంచెము మెత్తబడెను. 30 కడ ప్రతి అక్షరము చుట్టును తడిగుడ్డతో తుడిచినట్లు మసక పట్టెను. 70 కడ నిలిపితిని. నాలుగు మెగాబైట్లకు పైబడిన బరువు నూరు కిలోబైట్లకు లోపల వచ్చినది. పదునెనిమిది బొమ్మలకు ఒక మధ్యాహ్నము పట్టినది. నిజము చెప్పవలెనన్న, ఈ ప్రసంగమంతటిలో చెప్పిన వానిలో ఆ ఒక్క మధ్యాహ్నపు పనియే మా పాఠకునకు సగమునకు మించిన కాలమును మిగిల్చినది. తక్కినవన్నియు దాని తరువాతివి.

తెరక్రింద నున్న బొమ్మలను పాఠకుడు అచ్చటికి వచ్చునపుడే తెమ్మని, బొమ్మ ప్రక్కన లేజీ అను ఒక్క మాట వ్రాయవచ్చును. ఈ సులువు నాకు నచ్చి, ఉత్సాహముతో పదునెనిమిది బొమ్మలకును ఆ మాట తగిలించితిని. మరల పరీక్షింపగా ఎల్‌సీపీ తగ్గుటకు మారు పెరిగినది! తెరచినతోడనే కనబడవలసిన మొదటి బొమ్మకు కూడ సోమరివి కమ్మని నేనే చెప్పితిని. అది ఆజ్ఞను శిరసావహించినది. మొదటిదానికి ఆ మాట తీసివేయగనే అంకె సర్దుకొన్నది. కొలవక చేసినచో మేలు చేసితిననియే నమ్మియుందును.

ఇప్పుడు మన భాషకే ప్రత్యేకమైన బరువును గూర్చి. గూగులువారి ఉచిత ఫాంట్ల భాండారములో తెలుగు ఫాంట్లకు పెట్టిన పేర్లు మీలో కొందరెరుగుదురు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. అష్టదిగ్గజములును కలరు, వారి నడుమ శ్రీకృష్ణదేవరాయలును కలడు. ఇది చూచి మా అధ్యక్షులవారికి మహోత్సాహము కలిగి, ఒక్కొక్క శీర్షికకు ఒక్కొక్క కవి చొప్పున అయిదుగురిని మా పుటలో కొలువు తీర్పించిరి. తెలుగు ఫాంటు ఆంగ్లలిపి ఫాంటువలె తేలికయైనది కాదు. గుణింతములు, ఒత్తులు, వాని కలయికలు అన్నియు చిత్రించి పెట్టవలసియుండుటచే దానిలో రూపములు వందలకొలది యుండును. ఫాంటు వచ్చువరకు అక్షరములను చూపక, బ్రౌజరు సుమారు మూడు సెకండ్లు వేచియుండును. అనగా, రాయలవారి భువనవిజయములో కవులు ఆసీనులగుటకు జాగైనచో ఆ మూడు సెకండ్లును పాఠకునికి పుస్తకముల పట్టిక కనబడదు.

నేను అధ్యక్షులవారి యింటికి పోయి ఈ సంగతి విన్నవించితిని. "పెద్దన గారిని తీసేస్తారా మాస్టారూ?" అని ఆయన నిజముగా నొచ్చుకొనిరి. చాలసేపు వాదము జరిగిన మీదట, గ్రంథాలయము పేరునకు మాత్రము రాయలవారి ఫాంటు ఉంచుటకును, తక్కినదంతయు ఫోనులో ముందేయున్న తెలుగు ఫాంటుతో నడుపుటకును ఒడంబడిక కుదిరినది. రాయలవారు వచ్చువరకు పేరును మామూలు అక్షరములలో చూపుమని స్వాప్ అను ఆజ్ఞ వ్రాసితిని. అధ్యక్షులవారు ఇప్పటికిని పుట తెరచి, అక్షరములు మారు ఆ క్షణమును కనిపెట్టి, "అదిగో, వేంచేశారు" అందురు.

అక్షరముల బరువు కూడ కొంత గమనింపదగినది. కంప్యూటరు వాడు యూటీఎఫ్ 8 అను లేఖనపద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక్క బైటు చాలును. తెలుగులో ప్రతి గుర్తునకు మూడు బైట్లు. స్త్రీ అను మాట మన కంటికి ఒకే అక్షరము. యంత్రమునకు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము, ఆరు గుర్తులు, పదునెనిమిది బైట్లు. అయితే ఆ మూడు బైట్లలో మొదటిది తెలుగు గుర్తులన్నింటికి ఒక్కటే, రెండవది రెంటిలో నొకటి, భేదమంతయు మూడవదానిలోనే. ఇంతటి పునరుక్తి గలదానిని జీజిప్, బ్రోట్లీ అను కుదించు పద్ధతులు మిక్కిలి సునాయాసముగా కుదించును. ఎఫ్ 12 గదిలో ప్రతి ఫైలునకు రెండు బరువులు కనబడును: దారిలో మోసినది, విప్పిన తరువాతిది. మా పుస్తకముల పట్టికకు రెండును ఒక్కటే యుండెను. కుదింపు జరుగుటయే లేదని దాని అర్థము. అద్దె సర్వరు కంట్రోలు ప్యానెలులో అందుకొక మీట యున్నది. మూడేండ్లుగా అది ఆపబడియే యున్నది. దానిని నొక్కుటకు పట్టిన కాలమును కొలవలేదు.

దాతల పేర్లు కుడినుండి ఎడమకు పరుగిడు పట్టీని, వచ్చినవారి సంఖ్యను చూపు యంత్రమును, ఎవరును నొక్కని నాలుగు సోషల్ మీడియా గుర్తులను తీసివేసితిమి. ఈ గుర్తులు చిన్నవే కాని, ఒక్కొక్కటి వేరొక సంస్థ సర్వరునకు చీటి వ్రాసి పంపునట్టివి. బొమ్మలను ఏడాదిపాటు దాచుకొనవచ్చునని బ్రౌజరునకు అనుమతి వ్రాసితిమి. సర్వరును మన దేశమునకే మార్చితిమి. ఖర్చు నెలకు కొంచెము పెరిగినది. వేగమును కొలుచుటకు జీటీమెట్రిక్స్, పింగ్‌డమ్ మొదలైన సాధనములు మరికొన్ని కలవు. ఒకదానిని బాగుగా చదువ నేర్చినవానికి తక్కినవి కష్టము కావు.

ఇప్పుడు పుట బరువు 600 కిలోబైట్లకు లోపల, చీటీలు 24. ముంబయినుండి పరీక్షించినచో ముఖచిత్రము రెండు సెకండ్ల చిల్లరకు ప్రత్యక్షమగుచున్నది. కాని పుస్తకముల వెదకులాట ఇంకను మందము. కారణము తెలిసినది: నాలుగువేల పుస్తకముల పట్టిక యావత్తు ఒకే ఫైలుగా నుండుటచేత, ఒక్క శతకమునకై వెదకువాడు కూడ సమస్తమును మోసికొని రావలెను. అక్షరక్రమమున దానిని ముక్కలు చేయుమని మేనల్లుడు చెప్పెను. పని ప్రారంభమైనది, అ మొదలు హ వరకు సాఫీగనే సాగినది. క్ష కడ ఆగినది. కంప్యూటరులో అక్షరములకు గుర్తులేర్పరచు యూనికోడులో క్ష అను ప్రత్యేకాక్షరము లేదు, అది కకారమునకు షవత్తు. కావున క్షేత్రయ్య పదములు క లో చేరవలెనని మేనల్లుని మతము. పలకమీద స హ ళ క్ష అని దిద్దినవారెవరును దానిని క లో వెదకరనియు, కడపటనే యుండవలెననియు అధ్యక్షుల మతము. రెండుచోట్లను ఉంచుటకు నేను సిద్ధముగనే యున్నాను, బరువు ఎంత పెరుగునో కొలిచి చెప్పుమని కార్యవర్గము కోరినది. వచ్చు ఆదివారము కొలిచెదను.